తార బొమ్మా, కుక్క బువ్వా

ఈ సంచికలో విద్యావిధానం మీద, నిరుద్యోగం మీద, సాహిత్యం మీద వ్యాసాలుంటాయి. వాటి మధ్య కుక్కల తిండి గురించి రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి, నాకేమీ కష్టం లేదు. నేనూ మొదట నవ్వినవాణ్ణే. జీవరసాయన శాస్త్రం చెప్పుకునే నాలాంటి వాడికి ఆ నవ్వు ఎంత సిగ్గుచేటో తర్వాత తెలిసింది.

సంగతేమిటంటే, మా హాస్టల్ నైట్ వాచ్‌మన్‌కు ఒక కుక్క ఉంది. నాలుగేళ్ళు హాస్టల్ గేటు దగ్గరి చెట్టు కిందే పెరిగింది. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు విద్యాసంస్థల ఆవరణల నుంచి వీధికుక్కలను తొలగించి షెల్టర్లలో పెట్టమని ఆదేశించాక, దీన్ని ఎవరు పట్టుకుపోతారోనని ఆయన దాన్ని మాణికేశ్వరి నగర్‌లోని తన ఒంటిగది ఇంటికి తీసుకుపోయాడు. అక్కడ అది అయిదు పిల్లల్ని పెట్టింది. ఒక సాయంత్రం నేను ఆర్ట్స్ కాలేజీ మీదుగా తార్నాక ఇంటికి నడిచి వెళుతుంటే ఎదురుపడ్డాడు. సైకిలు వెనక ఒక నిగనిగలాడే సంచీ. దాని మీద వెండితెర వెలుగు ఒకటి, ఒళ్ళో బొచ్చుకుక్కతో నవ్వుతోంది.

"సారూ, తిండి సంగతులు మీరే చెప్తరంట గద క్లాసుల. గీ బస్తా మంచిదేనా?"

"ఎంతైందన్నా?"

"మూడు కిలోలు తొమ్మిది నూర్లు. పోరగాళ్ళు చెప్పిన్రు, ఆమె బొమ్మ ఉన్నదే కొను, అది మంచిగుంటదని."

తొమ్మిది వందలంటే ఆయనకు ఇంచుమించు రెండు రోజుల జీతం. నేను సంచీ తిప్పి చూశాను. "మంచిదే అయ్యుంటుంది" అన్నాను. అని ముందుకు వెళ్ళిపోయాను. పదడుగులు వేశాక గాని నేనేమన్నానో నాకు అర్థం కాలేదు. 'అయ్యుంటుంది' ఏమిటి? నేనూ ఆ బొమ్మను చూసే కదా అన్నాను! మాసబ్ ట్యాంక్ బస్సెక్కే పెద్దమనిషి ఎవరైనా ఆ మాటే అనగలడు. దానికి పిహెచ్.డి. దేనికి?

ముందుగా ఒక ఆక్షేపణ తీర్చేస్తాను. 2023 ఫిబ్రవరిలో మనకు కూతవేటు దూరంలో, అంబర్‌పేటలో, నాలుగేళ్ళ పసివాణ్ణి వీధికుక్కలు చంపాయి. ఆ తండ్రి దుఃఖం ముందు కుక్క ప్రేమికుల వాదనలేవీ నిలబడవు. నేను వీధికుక్కల పక్షాన వకాల్తా పుచ్చుకోవడం లేదు. ఈ కుక్కకు టీకాలు వేయించారు, గొలుసు ఉంది, యజమాని ఉన్నాడు. నా గొడవ ఆ యజమాని జేబు గురించి, మన చదువు గురించి.

తారలు కుక్కల తిండికి ప్రచారం చేయడం కొత్త కాదు. అమెరికాలో టీవీ వంటల మహారాణి రేచల్ రే పేరు మీదనే 2008లో 'న్యూట్రిష్' అనే తిండి బజారుకొచ్చింది. పదేళ్ళు తిరక్కుండానే ఆ వ్యాపారాన్ని పెద్ద కంపెనీ కొనుక్కుంది, 2023లో ఇంకొకరికి అమ్మేసింది. అప్పటికీ పేరు మాత్రం ఆవిడదే. చేతులు మారినప్పుడల్లా కుక్కకు ఎవరూ చెప్పలేదు. మన దేశంలో 'డ్రూల్స్' ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని రాజనందగావ్ కోళ్ళ వ్యాపార సంస్థ ఐ.బి. గ్రూపు పెట్టిన కంపెనీ అది. కరీనా కపూర్ ఖాన్ దానికి ప్రచారకర్తగా పనిచేసింది. 2025లో నెస్లే అందులో కొంత వాటా కొన్నది. ఇక 'పెడిగ్రీ' వారి మార్స్ కర్మాగారం ఎక్కడో కాదు, మన సిద్దిపేట జిల్లాలోనే ఉంది. 2023లో మరో 800 కోట్లతో విస్తరిస్తామని ప్రకటించారు. అంటే ఇదేదో సరదా సరుకు కాదు, పెద్ద బేరం. మేం పరీక్షించిన సంచీ వీటిలో ఏదీ కాదని ఇక్కడే చెబుతున్నాను. దాని పేరు రాయను, మూడు కిలోల ఒక్క సంచీతో ఒక కంపెనీని తూకం వేయడం శాస్త్రం కాదు గనక.

అవును, పరీక్షించాం. మర్నాడు పొద్దున్నే వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళి ఒక గుప్పెడు గింజలు కాగితంలో కట్టి తెచ్చుకున్నాను. తార్నాక చౌరస్తాలో బొమ్మ లేని మరో కంపెనీ సంచీ ఒకటి కొన్నాను, మూడు కిలోలు 660 రూపాయలు. రెండూ కుక్కపిల్లలకు అమ్మేవే. మా ఎమ్మెస్సీ పిల్లలు ఏటా ప్రాక్టికల్స్‌లో సీసాలో పోసి ఇచ్చిన కేసీన్ పొడిలో నత్రజని లెక్కగడతారు. జవాబు అందరికీ ముందే తెలుసు. సీనియర్ల రికార్డులో ఉంటుంది. ఈసారి కేసీన్ బదులు ఈ గింజలిచ్చాను. రికార్డులో జవాబు లేదు!

కెల్డాల్ పద్ధతి మరిచిపోయిన పాత విద్యార్థుల కోసం రెండు మాటలు. 1883లో డెన్మార్కులో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో యోహాన్ కెల్డాల్ కనిపెట్టిన పద్ధతి ఇది. పదార్థాన్ని గాఢ సల్ఫ్యూరికామ్లంలో ఉడికించి, అందులోని నత్రజనిని అమ్మోనియాగా రాబట్టి, కొలిచి, 6.25తో హెచ్చిస్తే మాంసకృత్తుల లెక్క వస్తుంది. కొవ్వుకు సాక్స్‌లెట్, బూడిదకు మఫుల్ ఫర్నేస్. పిల్లలు రాత్రి ఎనిమిదింటి దాకా ఉన్నారు. కేసీన్ రోజున నాలుగు కొట్టేసరికి ల్యాబు ఖాళీ అని ఇక్కడ గుర్తుచేస్తున్నాను.

ఫలితం చూసి పిల్లలు డీలాపడ్డారు. ఎందుకంటే మోసం ఏమీ దొరకలేదు. తార సంచీ మీద మాంసకృత్తులు కనీసం నూటికి 24 అని అచ్చువేశారు, మాకు 24.6 వచ్చింది. కొవ్వు 10 అన్నారు, 10.9 వచ్చింది. బొమ్మ లేని సంచీలో మాంసకృత్తులు 23.1, కొవ్వు 10.2. అంటే కిలోకు 300 పెట్టినా, 220 పెట్టినా కొలతకు అందే తేడా ఒకటిన్నర పాళ్ళు. మిగతా ఎనభై రూపాయల్లో ఎంత సరుకుదో ఎంత నవ్వుదో మా ల్యాబులో తేలదు.

అయితే సంచీ చెప్పనిది ఒకటి బయటపడింది. తేమ 8, బూడిద 8.1, పీచు 4. ఇవన్నీ కలిపి వందలోంచి తీసేస్తే మిగిలేది 44.4. అది పిండిపదార్థం. సంచీ మీద మాత్రం కోడిమాంసం ముక్కలు తప్ప మొక్కజొన్న గింజ బొమ్మ ఒక్కటి లేదు. దినుసుల జాబితాలో కోడిమాంసం పేరే ముందుంది. దినుసులను బరువు ప్రకారం వరుసగా రాస్తారు. పచ్చిమాంసంలో నూటికి డెబ్బై పాళ్ళు నీళ్ళే. నీళ్ళతో తూచినప్పుడు ముందుండే మాంసం, గింజగా ఎండాక ఎక్కడుంటుందో మీరే ఊహించండి. అబద్ధమని అనలేం, అలాగని నిజమూ పూర్తిగా చెప్పలేదు.

పిండి ఉంటే కుక్కకు నష్టమా అంటే, అదీ కాదు. 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు నేచర్ పత్రికలో చూపించారు: తోడేలు కంటే కుక్కకు పిండిని అరిగించే అమైలేజ్ జన్యువు ప్రతులు చాలా ఎక్కువ. వేల ఏళ్ళు మన ఇళ్ళ ముందు మెతుకులు తిని సంపాదించుకున్న ఆస్తి అది. కనక 'ధాన్యం లేని తిండి' అని ఎక్కువ ధరకు అమ్మేవాళ్ళను చూసి కంగారుపడనక్కరలేదు. ధాన్యం తీసేసి బఠాణీలు, పప్పులు దట్టించిన అలాంటి తిళ్ళకూ కుక్కల గుండెజబ్బుకూ సంబంధం ఉందేమోనని అమెరికా ఎఫ్.డి.ఎ. 2018లో విచారణ మొదలుపెట్టింది. కారణం ఇదేనని తేల్చలేదు గాని, ఫ్యాషన్ల మీద అనుమానం మాత్రం మిగిలింది. కుక్కకు నెయ్యికూడు ఇమడదని మనవాళ్ళ సామెత. ఎవరన్నారో గాని, కొవ్వును అరిగించుకోవడంలో కుక్క మనకంటే తక్కువది కాదు.

మా పరీక్షకూ హద్దులున్నాయి, దాచను. కెల్డాల్‌కు నత్రజని కనిపిస్తుంది గాని అది ఎక్కడిదో కనిపించదు. ఈకలదైనా, తోలుదైనా ఒకటే లెక్క. 2007లో అమెరికాలో కోట్ల కొద్దీ కుక్క, పిల్లి తిండి డబ్బాలను వెనక్కి తీసుకున్నారు. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమిన్ కలిసింది. నత్రజని పుష్కలం, పోషణ శూన్యం, పైగా మూత్రపిండాలు పోతాయి. మరుసటి ఏడు అదే మెలమిన్ చైనాలో పసిపిల్లల పాలపొడిలో తేలింది. మూడు లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. కుక్కల తిండి గురించి మాట్లాడటం చిన్నతనం అనే పెద్దలు ఈ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక చట్టం. మన 2006 ఆహార భద్రతా చట్టం 'ఆహారం' అంటే ఏమిటో చెబుతూ పశువుల మేతను అందులోంచి మినహాయించింది. భారతీయ ప్రమాణాల సంస్థ కుక్కల, పిల్లుల తిండికి ఐ.ఎస్. 11968 అని ఒక ప్రమాణం రాసింది గాని, నేను కొన్న సంచీల మీద ఆ గుర్తు లేదు. తారల విషయంలో మాత్రం చట్టానికి కోరలున్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనబడిన వారికి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ఏడాది పాటు ప్రకటనల్లో కనిపించకుండా నిషేధించవచ్చు. తగిన విచారణ చేసే ఒప్పుకున్నామని చూపిస్తే తప్పించుకోవచ్చు. 2022 మార్గదర్శకాలైతే సరుకు గురించి తగినంత సమాచారమో అనుభవమో ఉండి, నిజాయితీగా నమ్మిందే చెప్పాలంటాయి. కుక్క తిండి విషయంలో అనుభవం ఎవరిది మరి? తినేది నోరులేని జీవి. తార తినదు, కొనేవాడు తినడు. ఇంత సుఖమైన ప్రకటన మరొకటి లేదు!

సరే, వాచ్‌మన్‌కు ఏం చెప్పాలి? నా అభిప్రాయం ఇది. పాలిచ్చే తల్లికీ పెరిగే పిల్లలకీ అమెరికా ప్రమాణం ప్రకారం ఎండు లెక్కన కనీసం నూటికి 22.5 పాళ్ళు మాంసకృత్తులు కావాలి, పెద్దకుక్కకు 18 చాలు. 'పెరిగే పిల్లలకు సంపూర్ణాహారం' అనే అర్థమిచ్చే మాటా, అంకెలూ ఉన్న సంచీ చాలు. బొమ్మ అక్కర్లేదు. ఇంట్లో వండిపెడతానంటే వంద గ్రాముల బియ్యానికి నాలుగు గుడ్లు. తార్నాకలోనే ఉన్న మన జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లోని అంకెలతో లెక్కగడితే ఎండు బరువులో ఇంచుమించు 24 పాళ్ళు మాంసకృత్తులు వస్తాయి. కాని సున్నం రాదు. ఒక గుడ్డుపెంకు బాగా ఉడికించి, మెత్తగా నూరి కలిపితే అది కొంత సర్దుకుంటుంది. అయినా అయొడిన్, జింక్, విటమిన్ డి లోటు మిగులుతుంది. అక్కడ సంచీదే పైచేయి అని ఒప్పుకోవాలి. ఉత్త మాంసం పెట్టడం మరీ తప్పు, ఎముకలు వంగిపోతాయి. అన్నిటికంటే పెద్ద తప్పు మన హాస్టల్ పిల్లలు ప్రేమగా చేసేదే. బిర్యానీ మిగులూ రైతా కలిపి పెడతారు. ఉల్లి కుక్క రక్తకణాలను పగలగొడుతుంది. ఉడికిన ఎముక పెచ్చులుగా విరిగి గొంతులో గుచ్చుకుంటుంది. బొమ్మ ఉన్న సంచీ కొనమని వాచ్‌మన్‌కు సలహా ఇచ్చింది ఆ పిల్లలే.

ఇదంతా ఆయనకు చెప్పాను. ఓపిగ్గా విని, "గట్లయితే మొన్న అది మంచిదే అన్నరు గద సారూ" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నేను కొన్న సంచీ ఇచ్చాను. వద్దన్నాడు, డబ్బులిస్తానన్నాడు. చివరికి ల్యాబు శాంపిల్ మిగులు అని చెప్పి ఒప్పించాను.

నా వాదన మాత్రం ఒకటుంది. నిజాం కాలం నుంచీ ఈ చుట్టుపక్కల ఇన్ని ప్రయోగశాలలు. పక్కనే పోషకాహార సంస్థ. దాని మూలపురుషుడు మెకారిసన్ కూనూరులో ఎలుకలకు సిక్కుల తిండి, మద్రాసీల తిండి వేరువేరుగా పెట్టి, ఏది మేలో కళ్ళకు కట్టినట్టు చూపించాడు. 1958లో ఆ సంస్థ మన ముంగిట్లోకి వచ్చింది. ఇటు ఐ.ఐ.సి.టి., అటు సి.సి.ఎం.బి. ఇంతమంది మధ్య ఒక వాచ్‌మన్ తొమ్మిది వందలు పెట్టేముందు అడగడానికి దొరికింది సినిమాతార. ఏటా బజారు సరుకు నాలుగు రకాలు తెచ్చి ప్రాక్టికల్స్‌లో పరీక్షించి, అంకెలు నోటీసు బోర్డుకు అంటిస్తే మనకు పోయేదేమిటి? స్టాఫ్ రూములో ఈ మాటంటే ఒకాయన, "కంపెనీ వాళ్ళు నోటీసిస్తే ఎవడయ్యా కోర్టుకు తిరిగేది?" అన్నారు. అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. అందుకే మూడేసి శాంపిళ్ళు, మూడేసి సార్లు, పద్ధతి పూర్తిగా రాసి మరీ అంటించాలంటాను.

అయిదు పిల్లల్లో నాలుగు బతికాయి. ఒకటి లాలాపేటకు పెంపకానికి వెళ్ళింది. తార సంచీ ఖాళీ అయ్యాక వాచ్‌మన్ దాన్ని చీల్చి, వానకు తడవకుండా సైకిలు సీటుకు కట్టుకున్నాడు.

మా ఎమ్మెస్సీ పిల్లలు మాత్రం ఊరుకోవడం లేదు. హాస్టల్ మెస్సు పప్పులో నత్రజని ఎంతో చూస్తామంటున్నారు. శాంపిల్ కోసం వార్డెన్ గారికి అర్జీ పెట్టాం, అనుమతి ఇంకా రాలేదు.