రెండు రూపాయల బాకీ

ఈ వారం తారల కబుర్లు లేవు. షూటింగు విశేషాలూ లేవు. "మరి ఈ పేజీ ఎందుకయ్యా?" అని గబుక్కున తిప్పేయకండి. ఓ బాకీ సంగతి చెప్పాలి. అదీ సినిమా బాకీయే లెండి!

తెలుగు సినిమా అంటే మద్రాసే అనుకునే రోజుల్లో, బెజవాడలో మెయిలెక్కి మద్రాసు సెంట్రల్లో దిగే కుర్రాళ్ళు రెండు రకాలుగా ఉండేవారు. మొదటి రకం దిగీ దిగగానే కోడంబాకం బస్సు ఎక్కడాగుతుందని అడిగేవారు. హీరోలైపోవాలిగా మరి! రెండో రకం స్టేషన్ బయటికొచ్చి పక్కకు తిరిగేవారు. నేను రెండో రకం. ఆ పక్కనే ఉండేది మూర్ మార్కెట్.

ఎర్ర ఇటుకల పెద్ద కట్టడం. మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు సర్ జార్జ్ మూర్ 1898లో పునాదిరాయి వేస్తే 1900లో తెరిచారు. అంతకుముందు బ్రాడ్వేలో ఉన్న సంతను అక్కడినుంచి తరలించడానికి కట్టారట. నడుమ ఖాళీ జాగా, చుట్టూ వరండాలు, ఆ వరండాల చుట్టూ మళ్ళీ కొట్లు, ఆ కొట్ల మధ్య సందులు. పేర్లున్న సందులు కావవి. ఎదురుగా మనిషి వస్తే ఒకరు ఒత్తిగిలాల్సిందే. ఓ సందులో గాజు తొట్లలో రంగు చేపలు, ఇంకో సందులో పావురాలు, చిలకలు, మరో సందులో గ్రామఫోను రికార్డులు. వీటన్నిటి మధ్యా గుట్టలు గుట్టలుగా పాత పుస్తకాలు. బేరమాడటం రానివాడు ఆ సందుల్లోకి వెళితే జేబు ఖాళీ చేసుకునే బయటికొచ్చేవాడు!

నేను వెళ్ళింది పాటల పుస్తకాల కోసం. ఇప్పటి మీకు తెలియకపోవచ్చు. ఒకప్పుడు సినిమా హాలు బయట కథాసంగ్రహం, పాటలు కలిపి చిన్న పుస్తకాలు అమ్మేవారు. సినిమా పోగానే అవీ చిత్తు కాగితాల్లో కలిసిపోయేవి. అలా కలవకుండా మిగిలినవి మూర్ మార్కెట్‌లో ఓ ముసలాయన దగ్గర దొరికేవి. అరవాయన. తెలుగు మాత్రం ధాటీగా మాట్లాడేవాడు.

1985 సంక్రాంతి సెలవులకు టీనగర్లో ఉన్న మా మేనమామ ఇంటికి వెళ్ళాను. మర్నాడే మూర్ మార్కెట్‌కు పరుగెత్తాను. ఆ ముసలాయన గుట్టలో ఎక్కడో అడుగునుంచి 'మల్లీశ్వరి' పాటల పుస్తకం లాగాడు. 1951 నాటిది! అట్ట చిరిగింది, అంతే.

"ఎంత తాతా?"

"అయిదు."

బేరమాడలేదు. ఆడదామన్నా నోరు రాలేదు. జేబులో బస్సు డబ్బులు పోగా మూడు రూపాయలున్నాయి. నా మొహం చూసి ఆయన నవ్వాడు.

"ఉన్నంత ఇయ్యి తంబీ. మిగతా రెండూ మళ్ళా వచ్చినప్పుడు ఇద్దువులే. మార్కెట్ ఎక్కడికి పోతాది?"

మార్కెట్ పోయింది. 1985 మే 30న మంటలంటుకుని కాలిపోయింది. పేపర్లో చదివి కూడా నేను నమ్మలేదు. జులైలో మళ్ళీ వెళితే మొండిగోడలు కనిపించాయి. ఆ సందుల్లో ఏది ఎక్కడుండేదో ఆనవాలు దొరకలేదు. ఎవర్నడిగినా "తెరియాదు" అన్నారు. వెనుక పీపుల్స్ పార్కులో ఉన్న జంతుప్రదర్శనశాల కూడా ఆ ఏడే వండలూరు చేరిపోయింది. ఒక్క ఏడాదిలో ఆ పేటకు పేటే గుర్తుపట్టలేకుండా అయిపోయింది.

మొన్నామధ్య పనిమీద మద్రాసు వెళ్ళాను. చెన్నై అనాలి కాబోలు, 1996 నుంచీ! సెంట్రల్‌కూ 2019లో ఎం.జి.ఆర్. పేరు పెట్టారు. చేతిలో రెండు గంటలు ఖాళీ. ఓ తెల్లకాగితం తీసుకుని ఆ పాత సందులు గీద్దామని కూర్చున్నాను.

మొదటి గుర్తు తేలిక. పక్కనే విక్టోరియా హాలుంది. సినిమా పిచ్చివాళ్ళు దణ్ణం పెట్టుకోవలసిన చోటది. 1897లోనే మద్రాసు జనం అందులో కదిలే బొమ్మలు చూశారు. మన బందరు నుంచి వచ్చిన రఘుపతి వెంకయ్యగారు 1910 ప్రాంతంలో బొమ్మతోపాటు శబ్దం వినిపించే క్రోనోమెగాఫోన్ తెప్పించి ఆడించిందీ ఆ హాల్లోనే. ఆ తరువాత మౌంట్ రోడ్డు దగ్గర గెయిటీ, మింట్ వీధిలో క్రౌను, పురసవాకంలో గ్లోబు కట్టించారు. ఆయన పేర అవార్డయితే ఉంది గానీ, ఆ మూడు హాళ్ళలో ఒక్కటీ మిగల్లేదు.

రెండో గుర్తు దగ్గరే చిక్కొచ్చింది. మార్కెట్ ఉన్నచోట ఇప్పుడు లోకల్ రైళ్ళ స్టేషను. దానికి మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అనే పేరు! ముసలాయన కొట్టు ఎక్కడుండేదా అని నా లెక్క ప్రకారం నడుచుకుంటూ పోతే సూళ్ళూరుపేట లోకల్ ముందు తేలాను. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. కాగితం పట్టుకుని మధ్యలో నిలబడ్డ నన్ను ఒకావిడ విసుక్కుంది కూడా.

మంటల తరువాత కొట్లవాళ్ళకు దగ్గర్లో అల్లికుళం కాంప్లెక్సులో చోటిచ్చారు. అక్కడ వ్యాపారం చేసిన ఒక పెద్దమనిషిని పట్టుకున్నాను. నా కాగితం చూసి ఆయన నవ్వాడు. పెన్ను లాక్కుని చకచకా దిద్దాడు. చేపల సందు నేను గీసినచోట లేదట. రికార్డుల కొట్టు మూలమీదట. ఆ పక్కన చిన్న గడి గీసి, "తెలుగు పాటల తాత" అన్నాడు.

"ఆయన ఇక్కడికి వచ్చాడా?"

"లేదు సార్. సరుకంతా కాలిపోయింది. మళ్ళీ కొట్టు పెట్టలేదు."

అంతకుమించి ఆయనకూ తెలీదు. ఆ తాత పేరేమిటో ఇద్దరిలో ఎవ్వరం చెప్పలేకపోయాం.

'మల్లీశ్వరి' పుస్తకం నా దగ్గర భద్రంగా ఉంది. ఆ గుట్టలోంచి మంటల్ని తప్పించుకున్నది అదొక్కటేనేమో. మూడు రూపాయలకి నాకు దక్కింది. రెండు రూపాయలు ఇవ్వాల్సిన మనిషికి మాత్రం చిరునామా లేదు.

కుర్ర పాఠకులకో మాట. మీ ఊళ్ళో కూలగొట్టిన సినిమా హాలు ఉండే ఉంటుంది. ఈ ఆదివారం మీ తాతయ్యనో బామ్మనో అడిగి ఓ కాగితం మీద గీయించండి. గేటు ఎక్కడ, నేల టిక్కెట్ల సందు ఎక్కడ, సోడా బండి ఎక్కడ, ఆ బండివాడి పేరేమిటి. పేరు మాత్రం మరిచిపోకుండా అడగండి. నేను అడగలేదు.