ఫఖర్ ఒక్కటే సరిపోదు, తజుర్బా కావాలి

జుమా బయాన్‌లోనో, వాట్సాప్ గ్రూపులోనో ఏడాదికి ఒకసారైనా ఇబ్నుల్ హైసమ్ పేరు వస్తుంది. 'రోషనీ ఇల్మ్ దునియాకి నేర్పింది మనవాళ్లే' అంటారు. సుబ్హానల్లాహ్ అంటాం, ఫార్వర్డ్ చేస్తాం. ఆ ఫఖర్ మన పిల్లల చేతికి ఏమిచ్చిందన్నదే నా సవాల్.

ఆ రోషనీ ఇవాళ ఏం పని చేస్తోందో చూడండి. దుబాయ్‌లో ఉన్న అబ్బాతో బిడ్డ మాట్లాడే వీడియో కాల్ సముద్రం అడుగున గాజు తీగల్లో వెలుగై పోతుంది. దారిలో ఆ వెలుగును ఒక తీగ నుంచి ఇంకో తీగలోకి మళ్లించాలి. మామూలుగా వెలుగును కరెంటు సిగ్నల్‌గా మార్చి, దారి చూపించి, మళ్లీ వెలుగుగా మారుస్తారు. అందుకు కరెంటు ఖర్చు, వేడి. ఆ తక్లీఫ్ లేకుండా వెలుగును వెలుగుగానే మళ్లించేది ఆప్టికల్ స్విచ్.

అందులో ఒక కిసిమ్ మఖ్నాతీస్‌తో, అంటే అయస్కాంతంతో నడుస్తుంది. చిప్ మీద చీమ తలంత అద్దం, దానికి నికెల్, ఇనుము కలిసిన పూత. పక్కనున్న తీగచుట్టలో కరెంటు పారితే అద్దం వంగుతుంది, వెలుగు దారి మారుతుంది. ఇంకో కిసిమ్‌లో అసలు ఏదీ కదలదు. అయస్కాంతం ప్రభావంలో గాజు గుండా పోయే వెలుగు కంపన దిశ తిరుగుతుందని 1845లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సంగతే దానికి బునియాద్.

ఫారడే ఎవరు? లోహార్ కొడుకు. బుక్ బైండింగ్ షాపులో షాగిర్ద్. బైండింగ్‌కి వచ్చిన కితాబులే చదివి, చేత్తో చేసి చూసి నేర్చుకున్నాడు. మన బస్తీల్లో బైండింగ్, వెల్డింగ్ షాపుల్లో పనిచేసే పిల్లలు తక్కువా?

జుబాన్ అడ్డం అనకండి. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూలోనే సైన్స్ చెప్పింది, దారుత్తర్జుమా అందుకు కితాబులు తర్జుమా చేయించింది. నేను బడిలో మఖ్నాతీస్ అని చదివాను, డిగ్రీకొచ్చాక అయస్కాంతం అన్నాను, మా పిల్లలు మాగ్నెట్ అంటున్నారు. చేత్తో పట్టుకోని బిడ్డకు మూడూ రట్టా కొట్టాల్సిన లఫ్జులే.

అందుకే నా తజ్వీజ్. సెలవుల్లో మస్జిద్‌లో నడిపే దీనీ క్లాసులతో పాటు వారానికి ఒక గంట సైన్స్ పెట్టండి. పల్చటి ప్లాస్టిక్ పట్టీకి చిన్న అద్దం ముక్క, దాని వెనక చిన్న అయస్కాంతం అంటించండి. పాత మోటారు రాగి వైరుతో చుట్ట చుట్టి దగ్గర పెట్టండి, బ్యాటరీ కలపండి. అద్దం మీద టార్చ్ వేస్తే గోడ మీద వెలుగు చుక్క జరుగుతుంది. బ్యాటరీ తిప్పి కలిపితే రెండో వైపుకి జరుగుతుంది. చిప్ మీదున్న స్విచ్ చేసే పని ఇదే.

'ఇది స్కూలు పని కదా భాయ్' అంటారు కొందరు. నిజమే. పేరెంట్స్ మీటింగులో మార్కులతో పాటు ల్యాబ్ తాళం ఎన్నిసార్లు తీశారో కూడా అడగండి. స్కూలు మారేదాకా బిడ్డ వయసు ఆగదు కదా.

కంటి నుంచే కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయన్న యూనానీ పెద్దల మాటను ఇబ్నుల్ హైసమ్ అలాగే ఒప్పుకోలేదు. పరఖ్ చేసి కాదన్నాడు. ఆయన విరాసత్ ఆ అలవాటే. వచ్చే సెలవులకు మీ మొహల్లా కమిటీలో ఈ మాట ఎత్తండి. ఆడపిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టండి.