ఆ గార్డు విప్పకండి

మీ ఇంట్లో గ్రైండర్ ఉందా? పిండి రుబ్బేది కాదు, ఇనుమూ టైల్సూ కోసేది. ఉంటే ఇది చదవడం ఆపి ముందు వెళ్లి దాన్ని చూసి రండి. తిరిగే చక్రానికి సగం చుట్టూ కప్పినట్టుండే ఇనప గార్డు దాని మీద ఉందా, లేక విప్పేసి అట్టపెట్టెలో పడేశారా? బిగించి ఉన్నది కటింగ్ వీలా, లేక రంపంలా పళ్లున్న బ్లేడా? గార్డు లేకపోయినా, పళ్ల బ్లేడు ఉన్నా ప్లగ్గు పీకేయండి. పిల్లలకి అందనిచోట పెట్టండి. మిగతాది ఆ తర్వాత చదవొచ్చు.

ఒకప్పుడు ఇళ్లలో సుత్తీ, స్క్రూడ్రైవరూ, కటింగ్ ప్లయరూ, టెస్టరూ ఉంటే గొప్ప. ఇప్పుడు రెండు మూడు వేలు పెడితే డ్రిల్లూ గ్రైండరూ గుమ్మం ముందుకొస్తున్నాయి. చిన్న పనికి మేస్త్రి రాడు, వచ్చినా సగం రోజు కూలి అడుగుతాడు. ఫోన్‌లో అర నిమిషం వీడియో చూస్తే పని సులువుగానే కనిపిస్తుంది. అందుకే మనమే మొదలుపెడుతున్నాం. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. సొంత చేత్తో ఒక షెల్ఫు బిగించుకుంటే వచ్చే సంతోషం డబ్బుతో కొలిచేది కాదు. కానీ మిషన్‌తోపాటు రానిది ఒకటుంది. మేస్త్రి దగ్గర హెల్పరుగా చేరిన కుర్రాడు చాలాకాలం సామాను అందిస్తూ, వైరు పట్టుకుంటూ, తిట్లు తింటూ నేర్చుకునే పని అది. ఆ చదువు లేకుండా ఆ మిషన్ మన చేతికొచ్చింది. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. గార్డు విప్పేయడం మనం నేర్చుకున్నదీ చాలామంది మేస్త్రుల దగ్గరే. వాళ్ల చేతులు ఒకసారి పరికించి చూస్తే ఆ అలవాటు ఖరీదెంతో తెలుస్తుంది.

లెక్క చూడండి. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 సార్లు తిరుగుతుంది. ఆ వేగంలో చక్రం అంచు గంటకి 200 కిలోమీటర్లు దాటి పోతుంటుంది. కటింగ్ వీల్ ఇనుము కాదు; ఇసకలాంటి గరుకు రేణువుల్ని జిగురుతో అతికించి, లోపల వల వేసి చేసిన పల్చటి రేకు. కింద పడితే కంటికి కనపడని బీట వస్తుంది. చెమ్మకి, కాలానికి జిగురు బలం తగ్గుతుంది. అందుకే మంచి కంపెనీ వీల్ మధ్యలోని ఇనప రింగు మీద గడువు తేదీ కొట్టి ఉంటుంది. మాత్రల మీద తేదీ చూసే మనం దీని మీద చూడం. ఆ బీట పడ్డ వీల్ తిరుగుతూ పగిలితే ముక్క ముఖానికి రాకుండా ఆపేది ఆ గార్డు ఒక్కటే.

గార్డు ఎందుకు విప్పుతారంటే, సగం సార్లు పెద్ద వీల్ పట్టించడానికే. వీల్ పెద్దదయ్యేకొద్దీ అది తట్టుకునే వేగం తగ్గుతుంది. నాలుగంగుళాల వీల్ మీద నిమిషానికి 15,000 చుట్లు అని రాసి ఉంటే, ఏడంగుళాల దాని మీద 8,500 అనే ఉంటుంది. దాన్ని తెచ్చి 11,000 తిరిగే మిషన్‌కి బిగించడమంటే బాంబు బిగించుకున్నట్టే. వీల్ మీద రాసిన అంకె మిషన్ మీద రాసిన అంకెకన్నా ఎక్కువ ఉండి తీరాలి. ఈ ఒక్క పోలిక చేయడానికి కళ్లద్దాలు తెచ్చుకునేంత సమయం చాలు.

పళ్ల బ్లేడు సంగతి ఇంకా ఘోరం. చెక్క కోయడానికని గ్రైండర్‌కి బిగించే ఈ రంపం బ్లేడ్లు ఇప్పుడు రెండొందలకి దొరుకుతున్నాయి. చెక్క కోసే అసలు మిషన్ దాదాపు సగం వేగంతో తిరుగుతుంది, చెక్క మీద ఆనడానికి దానికి పళ్లెం ఉంటుంది, ఎత్తగానే బ్లేడుని తనంతట తనే కప్పేసే గార్డు ఉంటుంది. గ్రైండర్‌కి ఇవేవీ లేవు. చెక్కలో ముడి తగిలి పన్ను పట్టుకుందంటే మిషన్ వెనక్కి ఎగిరి కోస్తున్నవాడి తొడ మీదికో మెడ మీదికో వస్తుంది. చెయ్యి వెనక్కి తీసుకునే లోపు పని అయిపోతుంది. ఎంత జాగ్రత్తపరుడికైనా ఇది వద్దనే మా మాట. ఇందులో సర్దుబాటు లేదు.

ఇంకో ప్రమాదం మన ఊళ్లకి ప్రత్యేకం. చాలా గ్రైండర్లకి ముందుకి తోస్తే అలాగే ఉండిపోయే స్విచ్ ఉంటుంది. కోస్తుండగా కరెంటు పోతుంది. విసుక్కుని మిషన్ కింద పెట్టి కాఫీకి వెళ్తాం. కరెంటు రాగానే అది తనంతట తనే లేచి నేల మీద గెంతడం మొదలుపెడుతుంది, పక్కన పిల్లలున్నా సరే. కరెంటు పోయిన క్షణం చేయాల్సిన మొదటి పని ప్లగ్గు పీకడం. వీల్ మార్చేటప్పుడూ అంతే. స్విచ్ ఆపాక కూడా వీల్ కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది, పూర్తిగా ఆగాకే కింద పెట్టాలి.

లుంగీతో, మెడలో తువాలుతో, వేలాడే చున్నీతో తిరిగే మిషన్ దగ్గరికి వెళ్లొద్దు. డ్రిల్లు వాడేటప్పుడు వదులు గుడ్డ గ్లౌజులూ వద్దు. బిట్టు ఒక్క దారాన్ని పట్టుకుందంటే గ్లౌజుతోపాటు వేలునీ చుట్టేస్తుంది. చత్వారం కళ్లజోడు గాగుల్స్ కాదు. పక్కలు కూడా మూసి ఉండే గాగుల్స్ వంద, నూటయాభైకే దొరుకుతాయి. ఇనుము కోస్తే రవ్వలు చాలా దూరం పోతాయి కాబట్టి థిన్నర్ డబ్బా, పరుపు, గ్యాస్ సిలిండర్ ఉన్న గదిలో ఆ పని పెట్టుకోకూడదు.

ఇక కరెంటు. మన ఇళ్లలో అత్యంత ప్రమాదకరమైన నమ్మకం ‘ఎంసీబీ ఉందిగా, పడిపోతుంది’ అన్నది. ఎంసీబీ ఉన్నది వైర్లు కాలిపోకుండా కాపాడడానికి, మనిషి కోసం కాదు. 30 మిల్లీ ఆంపియర్లు దాటి ఒంట్లోంచి పోతే ప్రాణం మీదికొస్తుంది. 6 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకి రాదు, మనిషి పోయేదాకా నిమ్మళంగా కూర్చుంటుంది. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. లోపలికి వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా లేకపోతే, అంటే కొంత ఒంట్లోంచి భూమిలోకి పోతుంటే, కనురెప్ప వేసే లోపు తెగిపోతుంది. మీ మెయిన్ బోర్డులో టీ అనే ఇంగ్లిషు అక్షరంతో చిన్న బటన్ ఉన్న పరికరం ఉందేమో చూడండి. ఉంటే ఆ బటన్ ఇప్పుడే నొక్కండి. టక్కున పడిపోవాలి. పడకపోతే అది చెడిపోయినట్టే. అసలు ఆ బటనే లేకపోతే ఇంట్లో డ్రిల్లు ముట్టుకునే ముందు 30 మిల్లీ ఆంపియర్లది ఒకటి ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. అది ఉంది కదా అని రెండు వైర్లూ రెండు చేతులతో పట్టుకుంటే మాత్రం అదీ కాపాడలేదు.

ఎర్త్ పిన్ను విరిచేసి మూడు పిన్నుల ప్లగ్గుని రెండు కన్నాల్లో దూర్చడం మనకి చాలా మామూలు విషయం అయిపోయింది. కొన్ని డ్రిల్లులకి పుట్టుకతోనే రెండు పిన్నులుంటాయి. పేరు పలక మీద చదరంలో చదరం గుర్తు ఉంటే దానికి లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉందని, ఎర్త్ అక్కర్లేదని అర్థం. ఆ గుర్తు లేని మోటారుకీ, హీటర్‌కీ, ఇనప బాడీ కూలర్‌కీ మూడో పిన్నే ప్రాణం. ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు, వైరు మీద ఐఎస్ 694, ప్లగ్గు మీద ఐఎస్ 1293 చూసి కొనండి. గుర్తు కింద ఉన్న లైసెన్సు నంబరు అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు.

గోడకి కన్నం పెట్టాలంటే స్విచ్‌బోర్డుకి నిటారుగా పైనా కిందా, సూటిగా పక్కలకీ పెట్టకండి. గోడలో దాచిన వైర్లు ఎక్కువగా ఆ దారుల్లోనే పోతాయి. ఫ్యాను స్విచ్ ఆపి పైకెక్కడం చాలదు. పాత వైరింగులో స్విచ్ న్యూట్రల్ మీద ఉండొచ్చు, అప్పుడు స్విచ్ ఆపినా ఫ్యాను దగ్గర ఫేజు ఉంటుంది. మెయిన్ ఆపండి, ఆపానని ఇంట్లో అందరికీ చెప్పండి. టెస్టర్ లైటు వెలగలేదంటే కరెంటు లేదని కాదు, టెస్టరే పాడై ఉండొచ్చు. ముందు కరెంటున్న చోట పెట్టి అది వెలుగుతోందో లేదో చూసుకోవాలి. ఇనప తీగతో దండెం కట్టిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. వానాకాలంలో బట్టలారేస్తూ షాక్ కొట్టి తల్లీ బిడ్డా కలిసి పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. ఈరోజే దాన్ని తీసేసి నైలాన్ తాడు కట్టండి.

రేకుల ఇళ్లవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. తొలకరికి ముందు కారే చోట్లు సరిచేసుకుందామని పైకెక్కుతారు. పాత సిమెంటు రేకు చూడ్డానికి గట్టిగా ఉంటుంది, అడుగు పడగానే విరుగుతుంది. ఎక్కక తప్పకపోతే కింద దూలాల మీద ఆనేలా వెడల్పాటి చెక్క పలకలు పరిచి, వాటి మీదే నడవాలి. ఈ రేకుల్లో చాలావాటిలో రాతినార (ఆస్‌బెస్టాస్) ఉంటుంది. గ్రైండర్‌తో కోసినా, డ్రిల్లుతో కన్నం పెట్టినా కంటికి కనపడని పోగులు గాలిలో లేస్తాయి. అవి ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ రావచ్చు, అదీ పాతిక ముప్ఫై ఏళ్ల తర్వాత. అప్పటికి ఎందుకొచ్చిందో ఎవరికీ గుర్తుండదు. ఆ రేకుల్ని మిషన్‌తో కోయొద్దు.

గ్రానైటు, క్వార్ట్జ్ ప్లాట్‌ఫాం కోత కూడా ఆ కోవలోదే. ఆ తెల్లటి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్ని గట్టిపరుస్తుంది. సిలికోసిస్ వచ్చాక నయం చేసే మందు లేదు. క్వార్ట్జ్ పలకల్లో సిలికా మరీ ఎక్కువ. ఆస్ట్రేలియా అయితే 2024 జూలై 1 నుంచి ఆ రాయి వాడకాన్నే నిషేధించింది. మూతికి కట్టుకున్న దస్తీ ఈ దుమ్ముని ఆపలేదు. దుమ్ము అణగాలంటే నీళ్లు పోస్తూ కోయాలి, ఇంట్లోని మామూలు గ్రైండర్ మీద నీళ్లు పోస్తే షాక్ కొడుతుంది. కాబట్టి సింకు కన్నం గ్రానైటు షాపులోనే కోయించి తెచ్చుకోండి, ఇందులో పౌరుషానికి పోవద్దు. పాత ఇంటి తలుపులకి ఎండు సాండ్‌పేపర్ పట్టించడమూ మంచిది కాదు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమలైంది 2017 నవంబరు నుంచే. అంతకు ముందు వేసిన ఎనామిల్ పొరల్లో ఎంతుందో చెప్పలేం. తడిపి గీకండి, పాకే పిల్లలున్న గదిలో అసలు చేయకండి.

సంపులోకి, సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం ఏ కారణంతోనూ దిగొద్దు, ఎవర్నీ దింపొద్దు. లోపల పడినవాడిని తీయబోయి రెండోవాడూ మూడోవాడూ పోతారు. బాత్రూం కడిగేటప్పుడు యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ కలపకండి, పుట్టేది క్లోరిన్ గ్యాసు.

జరగకూడనిది జరిగితే: షాక్ కొట్టినవాణ్ని ముట్టుకోవద్దు, ముందు మెయిన్ ఆపండి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు దిగేలా గట్టిగా నొక్కుతూ ఉండండి. కంట్లో ఇనప రవ్వ పడితే నలపొద్దు, మీరే తీయబోవద్దు. వేలు తెగిపడితే గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి చెయ్యి పైకెత్తి పట్టండి. తెగిన వేలిని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్ని ఐసు నీళ్లున్న ఇంకో కవర్లో పెట్టండి. ఐసు నేరుగా వేలికి తగిలితే కణాలు చచ్చిపోయి అతకడానికి పనికిరాదు. పసుపు, కాఫీ పొడి అద్దొద్దు. బయట వీధిలో కరెంటు తీగ తెగిపడితే 1912కి ఫోన్ చేయండి.

ఇళ్లవాళ్లకే ఇంత చెప్పి అమ్మేవాళ్లని వదిలేస్తే న్యాయం కాదు. హార్డ్‌వేర్ షాపు యజమానులారా, గ్రైండర్‌తో గాగుల్స్ కలిపి అమ్మండి, నాలుగంగుళాల మిషన్ కొన్నవారికి ఏడంగుళాల వీల్ ఇవ్వకండి, గడువు దాటిన వీల్స్ చెత్తలో వేయండి. ఆన్‌లైన్ కంపెనీలు గ్రైండర్‌కి బిగించే పళ్ల బ్లేడ్లని అమ్మకం నుంచి తీసేయాలి, అవి తీయకపోతే ప్రభుత్వం తీయించాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు ఇంటికో మిషన్ బదులు అందరికీ కలిపి ఒక మంచి డ్రిల్లు, నాలుగు గాగుల్స్, ఆర్‌సీసీబీ బిగించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు కొని వాచ్‌మన్ గదిలో పెడితే, వచ్చే నెల మెయింటెనెన్సులో ఒక్కో ఫ్లాటుకి పడేది కొద్ది మొత్తమే.