12 భాగాల కథ, మూడు గంటల బొమ్మ



పోయిన నెల ఉక్కునగరం నుంచి ఒక అబ్బాయి నాకు ఉత్తరం వ్రాశాడు. తాను చదివిన పెద్ద మాయల నవలను సినిమాగా తీశారట. ఎంతో ఆశతో వెళితే, తనకు బాగా నచ్చిన ఘట్టమే అందులో లేదట. "మాస్టారూ, వాళ్ళు పుస్తకం చదవకుండానే సినిమా తీస్తారా?" అని కోపంగా అడిగాడు.

అబ్బాయి కోపంలో న్యాయం లేకపోలేదు. కాని మా విశాఖ రేవులో ఓడ నుంచి బొగ్గు దించటం మీరు చూశారా? ఓడలో వచ్చినదంతా ఒక్క లారీకి ఎత్తుదామంటే కుదురుతుందా?

మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు' 12 భాగాలు. మణిసిద్ధుడనే యతి ఒక పశువుల కాపరి కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని కాశీకి బయలుదేరుతాడు. దారిలో కుర్రవాడు ఏదో ఒక వింత చూసి, దాని సంగతి అడుగుతాడు. మజిలీ చేరాక యతి కథ చెపుతాడు. ఆ కథలో మరొక కథ పుడుతుంది. ఇక కాశీ ఎప్పుడు చేరతారో!

1951లో విజయా వారు 'పాతాళభైరవి' తీసినప్పుడు ఆ 12 భాగాల జోలికి పోలేదు. ఒక్క కథలోని వస్తువు తీసుకుని, అల్లావుద్దీన్ కథ పోలికలు కొన్ని కలిపి, తోటరాముడి కథ అల్లారు. మాటలూ పాటలూ వ్రాసిన పింగళి నాగేంద్రరావు గారు మన ఉత్తరాంధ్రలోని రాజాంలో పుట్టినవారే. ఆ ఒక్క కథకే 3 గంటల 15 నిమిషాలు పట్టింది! దర్శకుడు కె.వి. రెడ్డి గారు ముందుగానే ఒక్కొక్క ఘట్టానికీ స్టాప్‌వాచీతో నిమిషాలు లెక్క కట్టేవారట. పుస్తకానికి ఈ బాధ లేదు. రచయిత రాజుగారి తోటను పది పేజీలు వర్ణించినా ఎవరూ హాలు విడిచి పోరు. (నేను ఆ పేజీలు దాటవేసేవాణ్ణి. మీ మాస్టర్లకు చెప్పకండి.)

టోల్కీన్ వ్రాసిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' ను 1978లో బొమ్మల చిత్రంగా తీస్తే, అది సగం కథ దగ్గరే ఆగిపోయింది. తరువాత పీటర్ జాక్సన్ 2001 నుంచి ఏడాదికొకటి చొప్పున మూడు సినిమాలు విడుదల చేశాడు. మూడూ కలిపి 9 గంటల పైమాటే. అయినా టామ్ బాంబడిల్ అనే అడవిమనిషికి చోటు దొరకలేదు!

వదిలివేసిన సంగతి అలా ఉంచండి. నాకు మరొక బాధ ఉంది. మా నాయనమ్మ కాశీమజిలీలు చదివి వినిపించేటప్పుడు, అందులోని మాంత్రికుడు నా కళ్ళకు బక్కగా, వంగిపోయి, మా వీధిలో గొడుగులు బాగుచేసే తాతలా కనిపించేవాడు. 1970 ప్రాంతంలో వన్‌టౌన్‌లో 'పాతాళభైరవి' మళ్ళీ ఆడింది. నేపాళ మాంత్రికుడుగా ఎస్.వి. రంగారావు గారు తెరమీదికి వచ్చారు. ఆ కళ్ళు, ఆ గడ్డం, ఆ గొంతు! ఆ రాత్రి నేను నాయనమ్మ కొంగు పట్టుకునే పడుకున్నాను. మరునాడు కథ వింటూ కళ్ళు మూసుకుంటే రంగారావు గారే ప్రత్యక్షం. నా బక్క మాంత్రికుడు మళ్ళీ రాలేదు. అంత గొప్ప నటుడి మీద ఫిర్యాదు చేయలేను గాని, పాపం వాడు ఈనాటికీ గుర్తుకు వస్తాడు.

ఉక్కునగరం అబ్బాయీ! నీకు నచ్చిన ఘట్టం సినిమాలో లేదన్నావు. అయితే అందులోని మనుషులు ఇంకా నువ్వు ఊహించుకున్న రూపాలతోనే ఉన్నారన్నమాట. వాళ్ళ బొమ్మ వేసి నాకు పంపు.