శాలువాలు సాలు, ఇగ మిషన్లు కొందాం

పోస్టు జెర పెద్దగున్నది. మోటర్ ఆన్ జేసి గట్టు మీద కూసున్నప్పుడు నిమ్మళంగ చదువుండ్రి. తిట్టాలనిపిస్తే తిట్టుండ్రి, గానీ మొత్తం చదివినంక తిట్టుండ్రి.

మన వాట్సాప్ గ్రూపులల్ల రోజుకు పది వీడియోలు వస్తయి. జపాన్‌ల రోబో పండ్లు తెంపుతది, చైనాల మిషన్ ఒక్క ఊపుకు చెట్టు పీకుతది. అందరం వారెవ్వా అంటం, ఇంకో గ్రూపుకు పంపుతం. దాని కింద ఎవడో ఒకడు "మన దగ్గర ఇట్లాంటియి ఎప్పుడొస్తయో" అని రాస్తడు. నాకు కోపమొచ్చేది ఆ మాటకే. ఎప్పుడో రావుడేంది? మన జిల్లాలల్లనే ఉన్నయి. వాటి అడ్రసు అడిగేటోడు లేడు, అంతే.

అడ్రసు నేను చెప్త. సికింద్రాబాద్ సైనిక్‌పురి దిక్కు వాయుపురిల పల్లె సృజన అని ఒక సంస్థ ఉన్నది. మిలిటరీల బ్రిగేడియర్‌గ చేసి రిటైరైన పోగుల గణేశం గారు నడిపిస్తున్నరు. అహ్మదాబాద్‌ల ప్రొఫెసర్ అనిల్ గుప్తా మొదలుపెట్టిన హనీబీ నెట్‌వర్క్‌తోని కలిసి పనిచేస్తరు. వీళ్ల పని ఏందంటే, చిన్న శోధయాత్ర అని పేరు పెట్టి ఊరూరూ కాలినడకన తిరుగుతరు. మీ ఊర్ల ఎవరన్న సొంత తెలివితోని ఏదన్న పనిముట్టు చేసిండ్రా అని అడుగుతరు. దొరికినోళ్ల గురించి నలుగురికి చెప్తరు, పేటెంటు పనులల్ల సాయం చేస్తరు. మనం సికింద్రాబాద్‌కు ఎన్నిసార్లు పోలేదు? బేరింగులకు, పంపు సామాన్లకు రాణిగంజ్ పోతం, పానం బాగలేకుంటే గాంధీ దవాఖానకు పోతం. ఆడికి పోయినోళ్లు మనల ఎంతమంది?

చింతకింది మల్లేశం కథ మీకు ఎరుకే. ఆలేరు దగ్గర శారాజీపేట. బడి ఆరో తరగతిల బందైంది. పోచంపల్లి రకం చీరకు ఆసు పోయాలంటే ఒక్క చీరకే 9000 సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలె. తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పి చూడలేక ఆయన మిషన్ చేయాలని కూసున్నడు. ఊర్ల నవ్విండ్రు, అప్పులైనయి, పట్నం పోయి కూలికి కుదిరిండు. బాలానగర్‌ల ఒక వర్క్‌షాపుల తిరిగే మిషన్‌ను చూసి, తనకు అందకుండ ఉన్న ఆఖరి కదలిక ఎట్లనో పట్టిండు. 1999ల లక్ష్మీ ఆసు మిషన్ తయారైంది. నాలుగు గంటల పని గంటన్నరకొచ్చింది.

పద్మశ్రీ వచ్చింది 2017ల. సినిమా వచ్చింది 2019ల. మరి 1999 నుంచి 2017 దాకా ఆ మిషన్‌ను బతికించింది ఎవరు? చప్పట్లు కొట్టినోళ్లా? కాదు. పైసలిచ్చి ఇంటికి తెచ్చుకున్న నేత కుటుంబాలు. మన పొలం పనిముట్లకు కొనేటోళ్లు లేకనే అవి ముందుకు పోతలేవు.

మహారాష్ట్ర జల్గావ్ జిల్లాల గోపాల్ భీసే అనే రైతు పాత సైకిల్ ముందు చక్రం, హ్యాండిల్ తీసుకొని దానికి దంతె బిగించి కలుపు తీసే పనిముట్టు చేసిండు. ఎడ్లు లేనోడికి, డీజిల్ కొనలేనోడికి అది ఎడ్ల జతతోని సమానం. గుజరాత్ అమ్రేలి జిల్లాల మన్సుఖ్‌భాయ్ జగాని బుల్లెట్ బండి ఎనక చక్రం తీసి గుంటుక, విత్తనాల గొర్రు తగిలిచ్చిండు. వీటిని చదువుకున్నోళ్లు "జుగాడ్" అని నవ్వుకుంట అంటరు. ఆ మాట నాకు నచ్చదు. కంపెనీ చేస్తే డిజైన్, మనోడు చేస్తే జుగాడా?

ఇగ సర్కారు సంగతి. రాష్ట్రంల ఇన్నోవేషన్ సెల్ 2019 నుంచి ఇంటింటా ఇన్నోవేటర్ అని పెడుతున్నది. పంద్రాగస్టుకు జిల్లా కేంద్రంల స్టాల్ పెట్టిస్తరు, పెద్దసార్లు చూస్తరు, ఫొటో దిగుతరు. మంచిదే, తప్పు పడుతలేను. గానీ ఆగస్టు 16 నాడు ఆ పిలగాడు తన మిషన్‌ను ట్రాలీల ఏసుకొని ఇంటికి పోతడు. దాన్ని దొడ్ల పెడితే కోళ్లు గుడ్లు పెడుతయి.

అదే డ్రోన్లకు చూడుండ్రి. నమో డ్రోన్ దీదీ కింద 2023 నవంబర్‌ల కేంద్రం 15,000 డ్రోన్లకు 1,261 కోట్లు మంజూరు చేసింది. ఒక్కో దానికి 80 శాతం, 8 లక్షల దాకా సబ్సిడీ. డ్రోన్ మీద నాకు పగ లేదు. మందు పీల్చకుండ పిచికారీ అయితే ఎవరికి చేదు? నేనడిగేది ఒక్కటే. ఎనిమిది లక్షలు ఇచ్చే చెయ్యి ఎనిమిది వేల పనిముట్టుకు ఎందుకు లేవది?

లేవదు, ఎందుకంటే సబ్సిడీ లిస్టుల ఎక్కాలంటే సర్కారు టెస్టింగ్ సెంటర్‌ల పాస్ కావాలె. దక్షిణాదికి అనంతపురం జిల్లా గార్లదిన్నెల ఉన్నది. మిషన్ ఆడిదాకా మోయాలె, ఫీజు కట్టాలె, కాయితాలు నింపాలె. వెల్డింగ్ షాపు నడిపేటోడు ఆ ఖర్చు ఎట్ల పెట్టాలె?

టెస్టు లేకుంటే చేతులు తెగుతయి, ఎవరు జవాబుదారి అని కొందరు అంటరు. నిజమే, టెస్టు చేయాల్సిందే. గానీ ఖర్చు సర్కారు పెట్టుకోవాలె, మన మళ్లల్లనే చేయాలె. టెస్టు పాసైన మిషన్లన్నీ మనల్ని ఉద్ధరించినయా? నా సబ్సిడీ వీడర్ రెండో సీజన్‌కే గేరు పోయింది. కంపెనీ పేరు ఎందుకు గానీ, డీలర్ మూడు నెలలు తిప్పిండు. రాణిగంజ్ అంతా తిరిగినా ఆ సైజు దొరకలే. ఆఖరికి మా మండలంల లేత్ మిషన్ పెట్టుకున్న పిలగాడు రెండు రోజులల్ల చేసిచ్చిండు, ఇప్పటికీ నడుస్తున్నది. ఆ పిలగాడి చేతుల ఉన్న పనితనం ఏ లిస్టుల ఉన్నది?

సర్కారు తలుచుకుంటే కాదా అంటే, అయితది. 2024 జూలైల గీత కార్మికులకు కాటమయ్య రక్ష కిట్లు ఇచ్చుడు మొదలుపెట్టింది. తాడు, బెల్టు, చిన్న సామాను. చెట్టు మీద కాలు జారినా కింద పడకుండ ఆపుతది. కొని చేతికిచ్చింది కాబట్టే చెట్టుదాకా పోయింది.

మనల్ని కూడ అనాలె. ట్రాక్టర్ కిస్తీకి భయపడం గానీ, పక్క ఊరోడు చేసిన దంతెకు మూడు వేలు ఇయ్యాలంటే "వాడేం ఇంజనీరా" అంటం. బేరం ఆడి ఆడి వాణ్ని హైదరాబాద్‌ల ఆటో నడిపేటట్టు చేస్తం.

రాష్ట్రంల 2,601 రైతు వేదికలు ఉన్నయి. మీటింగు లేని రోజు శానా వాటికి తాళమే. ఒక్కో దాంట్ల మన జిల్లావాళ్లు చేసిన పనిముట్లు రెండు పెట్టి, కిరాయికి ఇయ్యమందాం. వాడి చూసి బాగుంటే కొంటం, బాగలేకుంటే ఏడ బాగలేదో చేసినోడికే చెప్తం. వచ్చే మంగళవారం మీ ఏఈవో సారును ఇదే అడుగుండ్రి, ఒక్కరు కాదు, పది మంది కలిసి పోయి రాసిచ్చి రశీదు తీసుకోండ్రి. మీ ఊర్ల ఇట్లాంటి పనిమంతుడు ఉంటే, ఆయనకు ఇష్టమైతేనే, ఆ మిషన్ ఫొటో, ఏం పని చేస్తది, ధర ఎంత అన్నది కింద రాయుండ్రి. కలుపు సీజన్ రాకముందే చూసి వద్దాం.