కాపలాదారుకూ కావాలి రక్షణ

ఆపద వేళ జైలు అధికారి అలారం నొక్కితే పరుగెత్తుకు రావలసింది తోటి అధికారులే. అలాంటి సహోద్యోగి ఒకరు తనను జాతి పేరుతో అవమానిస్తున్నారని పైవారికి చెప్పుకోవాలంటే ఎంత గుండె దిటవు కావాలి! ఇంగ్లండ్, వేల్స్ జైళ్లలో పనిచేసే నల్లజాతి, ఆసియా సిబ్బంది దశాబ్దాలుగా పడుతున్న యాతన ఇది. వివక్ష ఫిర్యాదుల విచారణను గవర్నర్ల (జైలు అధిపతుల) చేతుల్లోంచి పూర్తిగా తప్పించనిదే ఇది తీరదు.

నోరు విప్పితే ఏమవుతుందో 1990లలోనే తేలింది. ఖైదీ పట్ల దురుసుగా ప్రవర్తించడాన్ని తప్పుపట్టిన ఓ నల్లజాతి ఉద్యోగిని లండన్‌లోని బ్రిక్స్‌టన్ జైలు సిబ్బంది వెలివేసి, నెలల తరబడి వేధించారు. న్యాయం కోసం ఆయన ట్రిబ్యునల్ మెట్లెక్కాల్సి వచ్చింది. జైళ్ల శాఖ 28,500 పౌండ్ల పరిహారం చెల్లించాలన్న తీర్పు అప్పీలులోనూ నిలిచింది. అయినా శాఖ పాఠం నేర్వలేదు.

2000 మార్చిలో ఫెల్టమ్ యువనేరస్థుల జైలులో జాహిద్ ముబారక్ అనే 19 ఏళ్ల యువకుడిపై, విడుదలకు కొన్ని గంటల ముందు, అదే గదిలోని జాత్యహంకారి దాడిచేసి ప్రాణం తీశాడు. మైనారిటీ సిబ్బందే అక్కడ వేధింపులకు గురవుతున్నారని, తమను దూరం పెడతారన్న భయంతో జాతి హేళనలను భరిస్తున్నారని శాఖ సొంత విచారణలోనే బయటపడింది. సిబ్బందిని కాపాడలేని జైలు ఖైదీనీ కాపాడలేదు. ఈ హత్యపై 2006 నాటి బహిరంగ విచారణ నివేదిక 186 వైఫల్యాలను ఎత్తిచూపింది.

2017లో నేర న్యాయవ్యవస్థలో మైనారిటీల పరిస్థితిపై ఎంపీ డేవిడ్ లామీ సమీక్ష జరిపేనాటికి జనాభాలో 14 శాతమైన మైనారిటీలు ఖైదీల్లో నాలుగో వంతు ఉన్నారు. అధికారుల్లో మాత్రం పదింట తొమ్మిది మందికి పైగా శ్వేతజాతీయులే. నల్లజాతి ఖైదీలు, సిబ్బంది అనుభవాలపై జైళ్ల తనిఖీ విభాగం 2022లో ప్రత్యేక నివేదికే ఇవ్వాల్సి వచ్చింది.

ఇప్పుడు దీనికి వీసా భయం తోడైంది. ఖాళీలు నింపేందుకు నైజీరియా తదితర దేశాల నుంచి వందల మందిని చేర్చుకున్నారు. 2025 జులైలో ఉద్యోగ వీసాకు కావలసిన కనీస జీతాన్ని 41,700 పౌండ్లకు పెంచడంతో వారిలో చాలామంది భవిష్యత్తు డోలాయమానంలో పడింది. వీసాకు స్పాన్సర్‌షిప్ ఇచ్చిన యజమానిపై ఫిర్యాదు చేసే ధైర్యం ఎవరికుంటుంది? బ్రిటన్ కేర్ హోముల్లో పిల్లలు పనిచేస్తున్న తెలుగు కుటుంబాలకు ఈ బెంగ కొత్త కాదు.

సిబ్బందిపై వేధింపుల ఫిర్యాదులకు స్వతంత్ర విభాగం ఏర్పాటు చేస్తామని 2025లో బ్రిటన్ ప్రభుత్వం ప్రకటించింది. స్వాగతించదగ్గ మాటే. కానీ ఆ విభాగం నిర్ణయాలకు గవర్నర్లు కట్టుబడి తీరాలి. విచారణ ముగిసేదాకా ఫిర్యాదుదారు వీసాకు ఢోకా ఉండకూడదు. ఏ జైలులో ఎన్ని ఫిర్యాదులు రుజువయ్యాయో, ఏం చర్య తీసుకున్నారో ఏటా ప్రకటించాలి. ఈ మూడింటినీ చట్టంలోనే రాయాలి. మంత్రులు మారితే మరుగునపడే హామీలతో ఇప్పటికే పాతికేళ్లు గడిచిపోయాయి.