కొత్త మైక్ సరే, ఫ్యాన్ ఆపారా?

'5 వేల లోపు మంచి మైక్ ఏది అన్నా?' వారానికి నాలుగైదుసార్లయినా ఎవరో ఒకరు నన్ను ఇదే అడుగుతారు. వీళ్లలో ఇంట్లో కవర్ సాంగ్స్ పాడేవాళ్లు, గిటార్ నేర్చుకుంటున్నవాళ్లే ఎక్కువ. గ్యాడ్జెట్ల గురించి రాసేవాణ్ని కాబట్టి ఓ లింక్ పంపేసి ఊరుకోవచ్చు. కానీ ఈ మధ్య నేనే తిరిగి అడుగుతున్నాను: 'ఏ గదిలో రికార్డ్ చేస్తున్నావ్? మైక్ ఎంత దూరంలో పెడుతున్నావ్?' చాలామంది దగ్గర జవాబు ఉండదు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. రికార్డింగ్ ఎలా వచ్చినా తర్వాత సాఫ్ట్‌వేర్‌లో బాగు చేసుకోవచ్చులే అనే నమ్మకమే మన డబ్బునీ, మంచి టేకులనీ తినేస్తోంది. ఇది నాకు తగిలాకే తెలిసింది.

మా అక్క వయొలిన్ వాయిస్తుంది. పెళ్లయి అమెరికా వెళ్లే ముందు రోజు రాత్రి తనతో వాయించి రికార్డ్ చేశాను. అప్పుడే 12 వేలు పెట్టి కండెన్సర్ మైక్ కొన్నాను, ఆ ఉత్సాహం ఒకటి. హాల్లో నేలంతా టైల్స్, గోడలు ఖాళీ, ఎండాకాలం కాబట్టి ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో ఉంది. అందరూ కూర్చోవాలి కదా అని మైక్‌ని ఐదారు అడుగుల దూరంలో పెట్టా. 'ఫ్యాన్ ఆపమంటావారా?' అని అక్క అడిగింది కూడా. 'నాయిస్ రిమూవల్ ఉందిలే అక్కా' అన్నాను.

మర్నాడు నాయిస్ రిమూవల్ వాడితే ఫ్యాన్ మోత నిజంగానే పోయింది. దాంతోపాటు కమాను తీగ మీద రాసుకునే ఆ గరుకు కూడా పోయింది. కారణం సింపుల్. ఫ్యాన్ మోత చాలా ఫ్రీక్వెన్సీల్లో పరుచుకుని ఉంటుంది, కమాను రాపిడీ అంతే. రెండూ కలిసిపోయాక ఒకదాన్ని తీసేస్తే రెండోది కూడా కొంత ఊడి వస్తుంది. మిగిలింది వింటుంటే నీళ్లలోంచి వాయిస్తున్నట్టు ఉంది. అక్క మళ్లీ వస్తుంది, మళ్లీ వాయిస్తుంది. ఆ రాత్రి వాయించింది మాత్రం మళ్లీ రాదు.

ఆ రోజు నేను చేయాల్సిన పనులకి రూపాయి ఖర్చు లేదు.

మొదటిది దూరం. మైక్‌ని సగం దూరానికి జరిపితే నేరుగా వచ్చే సౌండ్ దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గదిలో తిరిగే ప్రతిధ్వని, ఫ్యాన్ మోత మాత్రం ఇంచుమించు అలాగే ఉంటాయి. అలాగని మరీ మూతికి ఆనించొద్దు. కార్డియాయిడ్ మైక్‌కి బాగా దగ్గరగా వెళ్తే బేస్ ఉబ్బిపోతుంది. గొంతుకైతే జానెడు దూరంతో మొదలుపెట్టండి. అకౌస్టిక్ గిటార్‌కి జానెడు నుంచి అడుగు దూరంలో, 12వ ఫ్రెట్ వైపు చూసేలా పెట్టండి. సరిగ్గా రంధ్రం ముందు పెడితే బుంయ్ మంటుంది.

రెండోది గది. ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. టంగుమని మోగితే ఆ మోత మీ పాటలోకీ వస్తుంది. హాల్ వదిలి బెడ్‌రూమ్‌కి వెళ్లండి. పరుపు, దుప్పట్లు, తలుపు తీసి పెట్టిన బట్టల బీరువా చాలా సాయం చేస్తాయి. గోడలకి కోడిగుడ్ల ట్రేలు అంటించే పని మాత్రం పెట్టుకోకండి. ఆ పల్చటి అట్ట పెద్దగా ఏమీ పీల్చుకోదు. కార్డియాయిడ్ మైక్‌కి వెనకవైపు తక్కువ వినిపిస్తుంది కాబట్టి, ఆ వెనకభాగాన్ని కిటికీ వైపు తిప్పండి.

మూడోది వాయిద్యం. తుప్పు పట్టిన తీగల్ని ఏ ప్లగిన్ కూడా కొత్తవి చేయలేదు. ప్రతి టేకుకీ ముందు శ్రుతి చూసుకోండి.

నాలుగోది లెవెల్. 24 బిట్‌లో రికార్డ్ చేస్తుంటే పీక్స్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉన్నా ఏం నష్టం లేదు. వాల్యూమ్ తర్వాత పెంచుకోవచ్చు, క్లిప్ అయిన సౌండ్‌ని మాత్రం పూర్తిగా వెనక్కి తేలేం. ఫోన్‌తో రికార్డ్ చేసేవాళ్లు నాయిస్ రిడక్షన్ ఆఫ్ చేసే ఆప్షన్ ఉందేమో చూడండి. మాటల కోసం చేసిన ఫీచర్‌కి, వీణ మీటాక సాగే నాదం కూడా చెత్తలాగే కనిపించొచ్చు.

ఇక్కడ చాలామంది అనే మాట ఒకటుంది: 'బిల్లీ ఐలిష్ బెడ్‌రూమ్‌లో రికార్డ్ చేసి గ్రామీ కొట్టలేదా?' కొట్టింది. లాస్ ఏంజెలిస్‌లో అన్న ఫినియస్ బెడ్‌రూమ్‌లో చేసిన 2019 ఆల్బమ్‌కి 2020లో ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ వచ్చింది. కానీ ఆ పాటలు హెడ్‌ఫోన్స్‌లో వినండి. గొంతు మీ చెవి పక్కనే ఉన్నట్టుంటుంది, గది మోత ఎక్కడా అడ్డం రాదు. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో విడుదల చేసిన 'నెబ్రాస్కా' అయితే ఇంట్లో 4 ట్రాక్ క్యాసెట్ రికార్డర్ మీద చేసిన డెమోలే. ఖరీదైన స్టూడియో లేకపోయినా పర్లేదని వీటిని చూసి ధైర్యం తెచ్చుకోవచ్చు. ఎలా పెట్టి రికార్డ్ చేసినా పర్లేదని మాత్రం అనుకోకూడదు.

మంచి మైక్ వల్ల లాభం లేదని నేను అనట్లేదు. మిక్సింగూ కావాలి. కానీ మంచి మైక్ మీ గదిలోని లోపాల్ని ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. నా 12 వేలు చేసిన పని అదే.

అందుకే ఈ రాత్రి ఓ టెస్ట్ చేయండి. ఉన్న ఫోన్‌తోనే ఒకే పాటని 30 సెకన్లు రెండుసార్లు రికార్డ్ చేయండి. మొదట హాల్లో ఫ్యాన్ కింద ఐదడుగుల దూరంలో, తర్వాత బెడ్‌రూమ్‌లో ఫ్యాన్ ఆపి అడుగు దూరంలో. రెండింటినీ ఒకే వాల్యూమ్‌లో వినండి. అప్పటికీ కొత్త మైక్ కావాలనిపిస్తే నన్నడగండి, లింక్ పంపిస్తా.